టీసీఆర్ కొనాలా, మడోన్ కొనాలా: ఉప్పుగాలి ఊళ్లో నా అనుభవం

జెయింట్ టీసీఆర్ అడ్వాన్స్‌డ్ కొనాలా, ట్రెక్ మడోన్ ఎస్ఎల్ కొనాలా అన్న రోడ్డు సైకిళ్ల తికమక నాకు నెలల తరబడి తేలలేదు. రెండూ కార్బన్ ఫ్రేములే. నేను చూసిన మోడళ్లు రెంటికీ షిమానో 105 గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్టు), 12 స్పీడ్, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. రెండూ ఎనిమిది కిలోలకు కాస్త పైన తూగుతాయి. 32 మిల్లీమీటర్ల టైరు రెంటిలోనూ పడుతుంది. ధరలో తేడా ఉంది కానీ, లక్షలు పెట్టేవాడు ఆ తేడా కోసమే ఒకదాన్ని వదిలేసేంత కాదు. మరి దేన్ని చూసి తేల్చుకోవాలి? విశాఖలో ఉంటూ, తెల్లవారకముందే ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తొక్కే నాకు ఆ దారి చూపించింది ఉప్పుగాలే.

నా ఉద్యోగం ఓడల మరమ్మతులో. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలితే ఏమవుతుందో రోజూ చూసే పని. ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తాం. ఉక్కుకు బదులు ఆ జింకు కరిగిపోతుంది, ఓడ నిలుస్తుంది. సైకిల్ విషయానికొస్తే, కార్బన్‌కి తుప్పు పట్టదు, నిజమే. కానీ కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది. దానికి అల్యూమినియం నేరుగా తగిలి, మధ్యలో ఉప్పు తేమ చేరిందంటే తినేసేది అల్యూమినియాన్నే. ఈ మాట ఏ కంపెనీ బ్రోచర్‌లోనూ పెద్దక్షరాల్లో ఉండదు.

కొత్త సైకిల్ ఆలోచన వచ్చింది మాత్రం అరకు ఘాట్ వల్ల. నా పాత అల్యూమినియం సైకిల్ మీదే 200 కిలోమీటర్ల బీఆర్ఎం (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్ర) పూర్తి చేశాను. పదమూడున్నర గంటల గడువులోపే వచ్చాను కానీ అరచేతులు తిమ్మిరెక్కిపోయేవి. శృంగవరపుకోట దాటి బొడ్డవర నుంచి అనంతగిరి వైపు ఎక్కేటప్పుడు గేర్లు చాలేవి కావు. అందుకే ఈసారి ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉండి తీరాలన్నది నా మొదటి షరతు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరగాలి. నా మోకాళ్లకు అది కావాలి.

కాగితం మీద పోల్చడానికి చాలా సాయంత్రాలు పోయాయి. బరువు సంగతి త్వరగానే వదిలేశాను. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ పోటీ సైకిళ్లకు పెట్టిన కనీస బరువు 6.8 కిలోలు, ఈ ధరలో అక్కడికి ఎలాగూ చేరం. గాలిని చీల్చుకుపోవడంలో ఎన్ని సెకన్లు మిగులుతాయన్న లెక్కలు కూడా నన్ను పెద్దగా కదిలించలేదు. గాలిని అడ్డుకునేదాంట్లో ఎక్కువ వాటా తొక్కే మనిషి శరీరానిదే. పైగా మేం బీచ్ రోడ్డు మీద ఒకరి వెనక ఒకరం వెళ్తాం. ముందున్నవాడి చాటున ఉంటే మిగిలేది ఫ్రేము మార్చితే మిగిలేదానికన్నా చాలా ఎక్కువ.

రెండు సైకిళ్ల వెనకా మంచి కథలున్నాయి, అవి చదవడం నాకిష్టం. టీసీఆర్ అంటే టోటల్ కాంపాక్ట్ రోడ్. 1990లలో మైక్ బరోస్ అనే ఇంగ్లిష్ డిజైనర్ పై గొట్టాన్ని వెనక్కి ఏటవాలుగా దించి, ఫ్రేము చిన్నదీ గట్టిదీ చేశాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ తొక్కిన లోటస్ సైకిల్ మూలం కూడా ఆయనదే. మడోన్ పేరు ఫ్రాన్స్‌లో మధ్యధరా తీరాన ఉన్న మాంతోన్ పట్టణం పైనున్న కనుమది. 2024లో వచ్చిన ఎనిమిదో తరంలో ట్రెక్ తన తేలికైన ఎమోండానీ, గాలిని చీల్చుకుపోయేలా చేసిన పాత మడోన్‌నీ కలిపి ఒకే సైకిల్ చేసింది. అంటే రెండు కంపెనీలూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే చోట నిలబడ్డాయి. నా తికమకకు కారణం అదే.

తర్వాత కొలతలు. ఇది మాత్రం తొందరపడకుండా చేశాను, ఎవరు అడిగినా ఇదే చెప్తాను. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, అట్ట పుస్తకం ఒకటి తొడల మధ్య పైకి బిగించి, దాని పైఅంచు నుంచి నేల దాకా కొలవాలి. నాకు 80 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 0.883తో గుణిస్తే 70.6. క్రాంకు ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తుకు అది మంచి మొదలు. ఆ తర్వాత స్టాక్, రీచ్ చూడాలి. క్రాంకు ఇరుసు మధ్య నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కిందున్న ఫ్రేము గొట్టం) పైఅంచుకు నిలువుగా ఎంతో అది స్టాక్, అడ్డంగా ఎంతో అది రీచ్. సైజుకు పెట్టిన పేరు చూసి మోసపోకూడదు, ఈ రెండు అంకెలే చూడాలి. నా సైజులో రెండు సైకిళ్లకూ ఉన్న తేడా హ్యాండిల్ కింద పెట్టే ఒకటి రెండు స్పేసర్ రింగులతో సర్దుకునేదే. కొలతలు కూడా తీర్పు చెప్పలేదన్నమాట.

ఇంట్లో అడిగిన ప్రశ్న మాత్రం మనసులో నాటుకుంది. "ఏమండీ, బాల్కనీ గ్రిల్లుకి రెండేళ్లకోసారి రంగు వేయిస్తున్నాం. అంత పోసి కొన్న సైకిల్ ఈ గాలికి ఎన్నాళ్లుంటుంది?" అంది మా ఆవిడ. ఓడల పనిలో ఉన్నవాణ్ణి, నేనే అడగాల్సిన ప్రశ్న అది.

అప్పటి నుంచి వెతుకులాట తీరే మారిపోయింది. పూర్ణా మార్కెట్ వైపు ఒక పాత మెకానిక్ ఉన్నాడు, నగరంలో ఖరీదైన సైకిళ్లు చాలా వరకు ఎప్పుడో ఒకప్పుడు అతని చేతిలో పడినవే. వెళ్లి అడిగితే మాటలతో చెప్పలేదు, మూలనున్న ఒక కార్బన్ ఫ్రేము తెచ్చి చూపించాడు. అందులో అల్యూమినియం సీటు పోస్టు, అంటే సీటును మోసే గొట్టం, ఇరుక్కుపోయింది. చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్ల పొడి. "ఏటంటే సార్, బీచ్ రోడ్డు బండిది. కొన్నాక ఒక్కసారీ పోస్టు పైకి తియ్యలేదు. ఇప్పుడు కోసి తియ్యాల్సిందే, ఫ్రేము మిగుల్తాదో లేదో చెప్పలేను," అన్నాడు. ఆ తెల్ల పొడి నాకు బాగా తెలుసు. అల్యూమినియం తినేయబడి మిగిలిన ముద్ద అది. అది ఉబ్బుతుంది కాబట్టి పోస్టు ఇంకా బిగుసుకుంటుంది.

నేను చూసిన రెండు సైకిళ్లలోనూ సీటు పోస్టు కార్బన్‌దే, కాబట్టి ఆ భయం తక్కువ. అసలు తేడా బాటమ్ బ్రాకెట్ దగ్గర, అంటే క్రాంకు ఇరుసు తిరిగే బేరింగుల చోట, దొరికింది. మడోన్‌లో టీ47. అంటే 47 మిల్లీమీటర్ల మర, బేరింగ్ కప్పును తిప్పి బిగిస్తారు. టీసీఆర్‌లో ప్రెస్ ఫిట్, కప్పును ఫ్రేములోకి ఒత్తి దించుతారు. మరతో బిగించేదే మేలని సైకిళ్ల వాళ్లందరూ అంటారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ప్రెస్ ఫిట్ ఫ్రేము రంధ్రం ఏ మాత్రం గుండ్రం తప్పినా తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. మరతో బిగించేదాంట్లో ఆ గోల తక్కువ, తీయడం పెట్టడం తేలిక.

కానీ ఆ మర కోయడానికి కార్బన్‌లో అల్యూమినియం గొట్టం ఒకటి అతికించాలి. కంపెనీలు ఆ రెంటి మధ్య కరెంటు పారని పొర వేస్తాయి, జాగ్రత్తగానే చేస్తాయి. అయినా కప్పు కూడా అల్యూమినియమే కాబట్టి గ్రీజు ఎండిపోయి ఉప్పునీరు చేరితే మరలో మర బిగుసుకుపోయే అవకాశం ఉంది. షిమానో ప్రెస్ ఫిట్ కప్పు ప్లాస్టిక్‌ది. అది నేరుగా కార్బన్‌ని తాకినా ఏమీ కాదు. బేరింగ్ పాడైతే మొత్తం కప్పు తీసి పారేసి కొత్తది ఒత్తడమే. అది షిమానో మామూలు సరుకు, పెద్ద ధరేం కాదు, మెకానిక్ అరలో అప్పటికే ఉంది. టీ47 కావాలంటే తెప్పించాలన్నాడు. మిగతా ఊళ్లవాళ్లకు మైనస్‌గా కనిపించేది సముద్రం ఒడ్డున ప్లస్ అవుతుందని అక్కడే నాకు గట్టిగా అనిపించింది. పొడి వాతావరణంలో ఉండేవాడికి నేనే మడోన్ తీసుకోమంటాను.

హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగుల విషయంలో రెండూ ఒకటే. బ్రేకు హోసులు (నూనె పారే గొట్టాలు) హ్యాండిల్ దగ్గర నుంచి హెడ్‌సెట్ బేరింగ్ మధ్యలోంచే ఫ్రేములోకి దిగుతాయి. చూడ్డానికి బావుంటుంది. పై బేరింగ్ మార్చాలంటే మాత్రం చాలాసార్లు హోసులు ఊడదీసి, మళ్లీ మినరల్ ఆయిల్ పోసి, గాలి బుడగలు తీయాలి. మన ఉక్కపోతలో చెమట కారేది సరిగ్గా అక్కడికే. ఏది కొన్నా ఈ ఖర్చు తప్పదని ముందే లెక్కలో వేసుకున్నాను.

తొక్కి చూడకుండా డబ్బు కట్టదల్చుకోలేదు. నా సైజు రెండూ వైజాగ్‌లో ఒకేసారి దొరకలేదు. అందుకని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లాను. సంచిలో నా పెడల్స్, బూట్లు, గాలి కొలిచే గేజ్ పెట్టుకున్నాను. గేజ్ చూసి షాపు కుర్రాడు ఆశ్చర్యపోయాడు కానీ అదే ముఖ్యం. ఒక సైకిల్లో గాలి ఎక్కువ, రెండోదాంట్లో తక్కువ ఉంటే మనం పోల్చేది ఫ్రేముల్ని కాదు, టైర్లని. రెంటిలోనూ ముందు 70, వెనక 75 పీఎస్ఐ పెట్టించి, సీటు 70.6కి దించి బయల్దేరాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ నున్నగా ఉంటుంది, అక్కడ ఏ సైకిలైనా బావుంటుంది. కావాలని గండిపేట వైపు గతుకుల రోడ్డు వెతుక్కుని అదే ముక్క మీద రెంటినీ తొక్కాను. కూర్చుని వెళ్లేటప్పుడు కుదుపు మడోన్‌లోనే కాస్త తక్కువ. లేచి నిలబడి తొక్కితే టీసీఆర్ చురుగ్గా కదిలింది. రెండూ దిగబుద్ధి కాని సైకిళ్లే.

అక్కడికి నా మనసు టీసీఆర్ వైపు ఒరిగింది. కొనే సమయం కూడా కలిసొచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక మూడు లక్షలయ్యే సైకిల్ మీద అది 21 వేల తేడా. ఒక షాపువాళ్లు పాత స్టాక్ అంటూ పాత ధరే చెప్పారు. బిల్లు ఇచ్చే రోజున ఉన్న పన్నే వేయాలి కాబట్టి అక్కణ్నుంచి లేచి వచ్చేశాను. కొన్న చోట మాత్రం ముందే మూడు సంగతులు రాయించుకున్నాను: స్పేర్ డిరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకు తగిలించే చిన్న ముక్క) ఒకటి సైకిల్‌తో పాటే ఇవ్వాలి, సీటు క్లాంపు విడిగా తెప్పించగలగాలి, ఫ్రేము వారంటీ నా పేరు మీద వాళ్లే రిజిస్టర్ చేయాలి. మడోన్‌తో పోలిస్తే మిగిలిన డబ్బుతో 30 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లు వేయించాను. మంగమారిపేట దాటాక రోడ్డు గరుకుగా ఉన్నచోట అరచేతులకు ఆ తేడా తెలుస్తోంది, ఫ్రేముల మధ్య చూసిన తేడా కన్నా ఎక్కువగానే.

సైకిల్ ఇంటికొచ్చిన వెంటనే బయటికి కనిపించే బోల్టులన్నీ ఒక్కొక్కటే విప్పి, గ్రీజు రాసి, టార్క్ రెంచ్‌తో బిగించాను. సీటు పోస్టుకు జారకుండా పట్టే కార్బన్ పేస్ట్ రాశాను. భీమిలి వెళ్లొచ్చిన ప్రతిసారీ మామూలు కుళాయి నీళ్లు మగ్గుతో పోసి, గుడ్డతో తుడిచి, చైన్‌కి కొత్తగా నూనె చుక్కలు వేస్తాను. ప్రెషర్ పైపు జోలికి వెళ్లను, బేరింగుల్లోకి నీళ్లు తోస్తుంది. నెలకోసారి పోస్టు పైకి తీసి మళ్లీ పెడతాను. వానలు వెళ్లాక బాటమ్ బ్రాకెట్ తీయించి చూస్తే ఒక వైపు బేరింగ్ గరగరలాడుతోంది. కొత్త కప్పు మెకానిక్ దగ్గరే దొరికింది, ఆ పూటే పని అయిపోయింది.

పెందుర్తిలో ఉండే మా గ్రూపు మిత్రుడొకడు మడోనే తీసుకున్నాడు. "గురూ, నేను సముద్రం మొహం చూసేది ఆదివారమే కదా," అన్నాడు, అతని లెక్క అతనికి సరిగ్గానే ఉంది. వేసవిలో టీ47 విప్పి గ్రీజు మార్పిస్తానంటున్నాడు. ఆ రోజు మెకానిక్ దగ్గరికి నేనూ వెళ్తాను. మర దగ్గర తెల్ల పొడి చేరిందో లేదో నా కళ్లతో చూడాలి.