కోపంతో చేసిన ప్రార్థన

కాళ్లలో తిమ్మిర్లు మొదలైనప్పుడు, మొదట చూసిన డాక్టర్ "వీక్‌నెస్ అమ్మా, టెన్షన్లు తగ్గించుకో" అని విటమిన్ మాత్రలు రాసి పంపేశారు. మోకాలి మీద ఆ చిన్న సుత్తితో ఒక్కసారి కొట్టి చూసినా, కాలు ఎగరకపోవడం చూసి అనుమానం వచ్చేది. ఈ కోపం నాకింకా పోలేదు. మెట్లు ఎక్కలేకపోయాను, తర్వాత గ్లాసు పట్టుకోలేకపోయాను. గులియన్ బారే సిండ్రోమ్ అని తేలేసరికి ఐసీయూలో ఉన్నాను. జబ్బులతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తే దారితప్పి మన నరాల మీద పడుతుంది. ఎక్కువగా కాళ్లలో మొదలై పైకి పాకుతుంది, ఛాతీ దాకా వస్తే ఊపిరి తీసే కండరాలు కూడా నీరసించిపోతాయి.

పరీక్ష కోసం నడుములోంచి నీరు తీయడం, ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించడం, అవన్నీ జరిగాయి. నేను చెప్పాలనుకున్నది ఒక రాత్రి గురించి.

ఊపిరి బలం ఎంతుందో చూడటానికి నర్సు మాటిమాటికీ వచ్చి "ఒక్క ఊపిరితో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి" అనేది. సాయంత్రం ఇరవై దాటిన లెక్క అర్ధరాత్రికి పది దగ్గర ఆగిపోయింది. వెంటిలేటర్ తెచ్చి మంచం పక్కన పెట్టారు. ఆరోజే ప్రార్థన చేయడానికి వచ్చిన ఒక పెద్దాయన వెళ్తూ వెళ్తూ, "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకో అమ్మా. విశ్వాసం ఉంటే ఈపాటికి లేచేదానివి" అన్నారు. కదలలేని మనిషితో అనాల్సిన మాటేనా అది? బైబిల్లో కష్టాలపాలైన యోబుతో అతని స్నేహితులూ ఇలాగే మాట్లాడారు. చివరికి దేవుని కోపం రగిలింది వాళ్ల మీదే.

చేతులు జోడించలేను, గొంతు పెగలదు. అలవాటైన స్తుతులు మనసులో మొదలుపెట్టాను, ఒక్కటీ నిజమనిపించలేదు. అప్పుడు లోపల ఉన్నదే చెప్పేశాను. "భయంగా ఉంది. నీ మీద కోపంగా ఉంది. పిల్లలు చిన్నవాళ్లు. ఎక్కడున్నావు?" తెల్లవార్లూ అవే మాటలు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా చెప్పిన మాటలే మళ్లీ చెప్తూ ప్రార్థించాడు. నాకు జవాబేమీ వినపడలేదు. కానీ "ఎక్కడున్నావు" అని అడుగుతున్నానంటే వినేవాడున్నాడని నమ్ముతున్నట్టే కదా. నాకు మిగిలిన నిరీక్షణ అంతే, అది చాలింది.

పొద్దున్నకి లెక్క అంతకన్నా తగ్గలేదు. వెంటిలేటర్ అవసరం రాలేదు. డ్యూటీ అయిపోయినా ఆగి, నా కళ్లు తుడిచి వెళ్లిన ఆ నర్సుకు ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పినా తక్కువే.

నడక మళ్లీ నేర్చుకోవడానికి నెలలు పట్టింది. ప్రార్థన ఉండగా ఫిజియోథెరపీ ఎందుకని అడిగినవాళ్లున్నారు. యెషయా 38వ అధ్యాయం చూడండి. చావుబతుకుల్లో ఉన్న హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. పుండుకు అంజూరపు పళ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్త చెప్పిందీ అక్కడే ఉంది.

మంచం మీదున్నవాళ్లు 88వ కీర్తన చదవండి. అది చీకట్లోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే. కాస్త ఓపిక వచ్చిన రోజున 13వది చదవండి. "ఎన్నాళ్లు" అని నిలదీస్తూ మొదలై పాటతో ముగుస్తుంది. చూడటానికి వెళ్లేవాళ్లు మాత్రం దయచేసి కారణాలు వెతక్కండి. చేయి పట్టుకుని ఒక్క వాక్యం ప్రార్థించి రండి, చాలు.

అరికాళ్లలో మంట ఇంకా ఉంది. అది పూర్తిగా పోవాలని రోజూ అడుగుతున్నాను, కొన్ని రాత్రులు గట్టిగానే అడుగుతున్నాను. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. దేవుని మీద కోప్పడిన సంగతి కూడా చెప్పనిస్తేనే చెప్తానన్నాను. సరేనన్నారు.