సిగ్నల్ అందని తీరంలో వాకీటాకీ

కోనసీమలోని ఓడలరేవు తీరం వెంబడి ఇసుకలో జీపులు నడిపే మా బృందానికి అత్యవసర వేళ పనికొచ్చే వాకీటాకీలను ఎంచే బాధ్యత తీసుకున్నాక, పెట్టె మీద అచ్చువేసిన కిలోమీటర్లను నమ్మకూడదని నాకు బలంగా అనిపించింది. మన డెల్టా ఎంత చదునైనా, భూమి వంపు వల్ల చేతిలో పట్టుకున్న రెండు వీహెచ్‌ఎఫ్ (దాదాపు నేరుగానే సాగే, అధిక పౌనఃపున్యపు రేడియో తరంగాలు) సెట్ల మధ్య మాట సుమారు 10 కిలోమీటర్లు దాటడం కష్టం. కొబ్బరితోటలు, మడ అడవులు అడ్డొస్తే అదీ దక్కదు. అందుకే సెట్టు శక్తిని చెప్పే వాట్ల కంటే జీపు పైకప్పు మీద ఎత్తుగా నిలిపే ఏంటెనాకే నేను ప్రాధాన్యమిస్తాను. సెట్టులోనే ఏంటెనా అమర్చి ఉండి, 5 వాట్లకు మించని 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండు (సామాన్యుల వాడకానికి వదిలిన రేడియో పట్టీ) సెట్టుకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. ఔత్సాహికులు నడిపే హామ్ రేడియోకు మాత్రం పరీక్ష రాసి తీరాలి. 1996 నవంబరు తుపానును చూసిన కోనసీమలో ఆ శ్రమ పడటం అవసరమని నా నమ్మకం. దుమ్మును, నీటిని తట్టుకొనే ఐపీ67 ప్రమాణపు సెట్లతో పాటు విడి బ్యాటరీలు కూడా కొంటున్నాం.