కామెర్లకు సూదేందిరా?

మా మేనల్లుడు ఐక్యరాజ్యసమితి శాంతి దళంతో దక్షిణ సూడాన్ వెళ్తున్నాడు. వెళ్లేముందు సెలవు మీద చిత్తూరు వచ్చాడు. గ్రీమ్స్‌పేటలో అక్క వాళ్లింట్లో భోజనాలవుతుంటే, "ఎల్లో ఫీవర్ సూది వేశారమ్మా" అన్నాడు. అక్క నావైపు తిరిగింది. "కామెర్లకు సూదేందిరా? పసరు తాగిస్తే పోయేదానికి!"

నేను ఆర్మీ ఆస్పత్రుల్లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరైనవాణ్ణి. ఈ జబ్బు మన దేశంలో లేదు కాబట్టి రోగిని కళ్లారా చూడలేదు. ట్రైనింగులో చెప్పిన ఒక ముక్క మాత్రం మర్చిపోలేదు. జ్వరం పెరిగితే నాడి కూడా పరుగెత్తాలి కదా, ఇందులో ఒళ్లు కాలిపోతున్నా నాడి నెమ్మదిగానే కొట్టుకుంటుంది. మూడు నాలుగు రోజులకు జ్వరం దిగి మనిషి లేచి కూర్చుంటాడు. చాలామందికి అంతటితో సరి. కొందరికి మాత్రం ఒక రోజు తిరక్కుండానే తిరగబెడుతుంది. కళ్లు పచ్చబడతాయి, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, వాంతి డికాషన్‌లా నల్లగా పడుతుంది. అంతదాకా ముదిరితే ఇద్దరిలో ఒకరు దక్కరు.

ఈ జబ్బు తెచ్చే వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించడం, మూత్రం కొలిచి రాసుకోవడం, జ్వరానికి పారాసెటమాల్, అదీ లివర్‌ని చూసుకుంటూ. ఆస్పిరిన్, బ్రూఫెన్ ముట్టుకోకూడదు, రక్తం కారడం ఎక్కువవుతుంది. మొదటి రోజుల్లో దోమతెర తప్పనిసరి. అది రోగి కోసం కాదు, అతన్ని కుట్టిన దోమ వైరస్ మోసుకెళ్లకుండా పక్క మంచాలవాళ్ల కోసం.

అక్కకు ఒక సంగతి చెప్పలేదు. 1942లో అమెరికా సైన్యంలో ఈ సూది వల్లే సిపాయిలకు కామెర్లు వచ్చాయి. టీకాలో కలిపిన మనుషుల సీరంలో హెపటైటిస్ బి ఉండి, సుమారు 50,000 మంది మంచాన పడ్డారు. ఆ తర్వాత సీరం కలపడం మానేశారు. ఇప్పటి టీకాలో ఆ గొడవ లేదు. కానీ ఇదంతా వింటే అక్క వాణ్ణి ఇల్లు దాటనిస్తుందా!

చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్తే నీళ్ల డ్రమ్ములో దోమ పురుగులు గింగిరాలు తిరుగుతున్నాయి. ఎల్లో ఫీవర్ మోసేదీ ఈ డెంగీ దోమే. దోమ మన దగ్గర ఉంది, వైరస్ లేదు. అందుకే ఆ జబ్బున్న దేశాల నుంచి, ఈ సూది వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు లేకుండా దిగితే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెడతారు. నేనూ అల్లుడూ డ్రమ్ము వంచేశాం. "రేపు కొళాయి రాదురా!" అని అక్క ఒకటే తిట్లు.

సాయంత్రం చూస్తే వాడి బ్యాగులో ఎండబెట్టిన నేల ఉసిరి పొట్లం. చూడనట్టే జిప్ లాగేశా.