ఒంటి చేత్తో

పదకొండున్నర దాటింది. ఆయన పడుకున్నారు. అమ్మ గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంట్లో అలికిడి లేదు. నాకే నిద్ర పట్టట్లేదు. కారణం ఒక ఫ్లెక్సీ.

పొద్దున జడ్చర్లలో అన్న, అంటే మా పెదనాన్న కొడుకు, గృహప్రవేశం. గేటు పక్కన ఇద్దరు మనుషులంత ఎత్తు ఫ్లెక్సీ కట్టారు. చేతులు జోడించిన అన్న, వెనక రెండు జేసీబీలు, టిప్పర్లు, పైన పసుపు అక్షరాల్లో "ఒంటి చేత్తో ఎదిగిన మా అన్నకు శుభాకాంక్షలు". కట్టించింది అన్న దగ్గర పనిచేసే పిల్లలట. సరే, వాళ్ళకేం తెలుసు అనుకున్నాను. భోజనాలకు ముందు మైక్ చేతికిస్తే అన్న కూడా అదే అన్నాడు. "నాకు ఎన్క ఎవ్వరు లేరు. ఎవ్వరు ఒక్క రూపాయి పెట్టలే. ఒంటి చేత్తోనే ఇంతదూరం వచ్చిన."

మా అమ్మ మొదటి వరుసలో కూర్చుని ఉంది. ఎనభై దాటినా చెవులు బాగానే వినిపిస్తాయి.

రెండో తరగతి నుంచి పదో తరగతి దాకా తొమ్మిదేళ్ళు అన్న మా ఇంట్లోనే పెరిగాడు. నలుగురం పిల్లలం ఒకే బొంత మీద పడుకున్నాం. జ్వరం వస్తే అమ్మ వాణ్ణి ఎత్తుకుని మూడు మైళ్ళు నడిచింది. ఆ మాట మైక్‌లో చెప్పడానికి అర నిమిషం పట్టదు కదా. డెకరేషన్ వాళ్ళ పేరు చెప్పాడు, వంటవాళ్ళ పేరు చెప్పాడు. కారులో వస్తుంటే ఆయన "నువ్వెందుకు టెన్షన్ పడుతున్నావ్, మీ అమ్మే ఏమీ అనలేదు" అన్నారు. అమ్మ అనదు కాబట్టే నాకు మంట.

ఆ రోజుల్లో పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. వానలు మోసం చేశాయంటే గుంపు మేస్త్రి వచ్చి అడ్వాన్స్ చేతిలో పెట్టేవాడు. అది తీరేదాకా ఇక కూలీలు ఆ మేస్త్రి చెప్పిన చోటికల్లా పోవాల్సిందే. పెదనాన్న, పెద్దమ్మ అలా ఎన్ని కాలువలు తవ్వారో. దసరాకు రాకపోయినా పీర్ల పండక్కి మాత్రం ఊరికొచ్చేవాళ్ళు. మళ్ళీ లారీ ఎక్కే రోజు అన్నను మా గడపలో నిలబెట్టి పెద్దమ్మ వెనక్కి చూడకుండా నడిచిపోయేది.

అంతకుముందు తాతదీ అదే దారి. ఆయన నాగార్జునసాగర్ పనికి పోయాడు. 1955 డిసెంబర్‌లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ నుంచి కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో, ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్నప్పుడు. మధ్యలో పన్నెండేళ్ళు అంత పెద్ద రాతికట్ట మనుషుల చేతుల మీద లేచింది. మమ్మల్ని ఒకసారి చూపించడానికి తీసుకెళ్ళి, ఇరవై ఆరు గేట్లూ మాతో లెక్కపెట్టించి, "మేం కట్టినం" అన్నాడు. ఎప్పుడడిగినా అదే మాట. "నేను" అనడం నేనైతే వినలేదు. ఆయన మనవడు మైక్ పట్టుకుని ఒంటి చేత్తో అంటే నాకు కడుపులో తిప్పినట్టయింది.

ఇక్కడిదాకా కోపంతోనే టైప్ చేశాను. ఇందాక మంచినీళ్ళకని లేచి ఫ్రిజ్ తీస్తే పెరుగు గిన్నె కనబడింది. ఎన్నేళ్ళుగానో గుర్తురాని సంగతి గుర్తొచ్చింది.

మా ఇంట్లో సల్ల ముంత, అదే మజ్జిగ ముంత, ఉండేది. జొన్న గటకలోకి సల్ల పోసేటప్పుడు అమ్మ గరిటెను అడుగు దాకా దించి మా ముగ్గురికీ చిక్కటిది తీసేది. అన్న గిన్నె దగ్గరికొచ్చేసరికి గరిటె పైపైనే తేలేది. పలచటి నీళ్ళు. అన్న తల ఎత్తేవాడు కాదు. నేను చూసేదాన్ని. నా గిన్నె రెండు చేతులతో దగ్గరికి జరుపుకునేదాన్ని.

పెదనాన్న పంపిన మనియార్డర్లూ గుర్తొస్తున్నాయి. అన్న తిండికీ బట్టలకూ అని పంపేవాడు. నా పరీక్ష ఫీజు కట్టింది ఆ డబ్బులోంచే. ఆ ఏడాది అన్న పాత నిక్కరుతోనే తిరిగాడు. ఆ చదువుతోనే నాకీ టీచరుద్యోగం. అన్న పదో తరగతి కాగానే ట్రాక్టర్ మీద క్లీనర్‌గా చేరాడు. మరి ఎవరి రూపాయి ఎవరికి పెట్టినట్టు?

సాయంత్రమైతే బస్సు స్టేజీ దగ్గరికి పోయి నిలబడేవాడు. పాలమూరు బస్సు వచ్చి పోయేదాకా కదిలేవాడు కాదు. పీర్ల పండక్కి ఇంకా నాలుగు నెలలున్నా సరే. ఆటకు రావట్లేదని నేను అలిగేదాన్ని. ఎనిమిదేళ్ళవాడికి అప్పుడు ఎవరున్నారు? తిండి ఉంది, బొంత ఉంది. ఎవరూ లేరని వాడికి అనిపించి ఉంటే అది అబద్ధమని నేనెలా అంటాను.

అయినా అమ్మ పేరు చెప్పి ఉండాల్సింది. అదీ నిజమే, దాన్ని వెనక్కి తీసుకోను. ఉన్నది ఒక్క పాడి గేదె, సగం పాలు అమ్మకానికే పోయేవి. అమ్మ తన గిన్నెలో ఏం పోసుకుందో నేను ఒక్కసారీ చూడలేదు.

ఆముదాలు పండిన చెల్కల్లో వెంచర్లు వేసి సంపాదించాడు అన్న. ఇంట్లో లిఫ్ట్ ఉంది. మనవరాలు దాంట్లో పైకీ కిందికీ తిరుగుతూ కేకలు పెడుతుంటే మాత్రం ముచ్చటేసింది. అన్న మాత్రం పొద్దంతా గేటు దగ్గరే ఉన్నాడు. వచ్చే ప్రతి కారునూ చూస్తున్నాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ మళ్ళీ రోడ్డు వైపు తిరుగుతున్నాడు. "రాత్రి మూడింటికే మెలకువొస్తది చెల్లే, మళ్ల నిద్ర పట్టదు" అన్నాడు. షుగర్ ఎంతుందని అడిగాను గానీ నిద్ర ఎందుకు పట్టదని అడగలేదు.

వచ్చేటప్పుడు కారులో అమ్మ ఫ్లెక్సీ గురించి ఎత్తలేదు, ఇల్లు బాగుందనీ అనలేదు. బాలానగర్ దాటాక ఒకసారి, షాద్‌నగర్‌లో టీ తాగేటప్పుడు ఒకసారి, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ మళ్ళీ ఒకసారి అడిగింది.

"వాడు తిన్నడా? అందరికి పెట్టుకుంట తిరిగిండు, వాడు తినంగ చూసినవా నువ్వు?"

నేను చూడలేదు.