గిలాదులో గుగ్గిలం ఉంది

“గిలాదులో గుగ్గిలము ఏమియు లేదా? అక్కడ ఏ వైద్యుడును లేడా? నా జనులకు స్వస్థత ఎందుకు కలుగక పోవుచున్నది?” యిర్మీయా 8:22లో ప్రవక్త అడిగిన మాటలివి. గిలాదు యొర్దాను నదికి తూర్పున ఉన్న ప్రాంతం, గుగ్గిలం అక్కడి నుంచి వచ్చే, గాయాలకు రాసే జిగురు మందు. దీనికి రెండు వచనాల ముందే ప్రజల ఏడుపు వినిపిస్తుంది: కోతకాలం గడిచిపోయింది, ఎండాకాలం వెళ్లిపోయింది, మేమింకా రక్షణ పొందలేదు అని. ఆ ఏడుపు విని యిర్మీయా కుమిలిపోతాడు, ఈ ప్రశ్న అడుగుతాడు. అధ్యాయం అక్కడితో అయిపోతుంది. జవాబు రాదు. తర్వాతి అధ్యాయం కూడా కన్నీళ్లతోనే మొదలవుతుంది.

ఆ జవాబు ఎన్నో శతాబ్దాల తర్వాత, ఎవరూ ఎదురుచూడని చోటు నుంచి వచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పత్తి చేలల్లో, వరి మడుల్లో, పొగాకు తోటల్లో బానిసలుగా బతికిన ఆఫ్రికా ప్రజలు ఆ ప్రశ్నను అందుకుని పాట కట్టారు. గిలాదులో గుగ్గిలం ఉంది, గాయపడినవాళ్లను అది బాగుచేస్తుంది, పాపంతో జబ్బుపడిన ప్రాణాన్ని స్వస్థపరుస్తుంది అన్నది పల్లవి. ఇలాంటి పాటలనే స్పిరిచువల్స్ అంటారు. హోవార్డ్ థర్మన్ అనే నల్లజాతి దైవజనుడు 1945లో ఈ పాట గురించి రాస్తూ, యిర్మీయా పెట్టిన ప్రశ్నార్థకాన్ని బానిసలు నిటారుగా సరిచేసి ఆశ్చర్యార్థకంగా మార్చారు అన్నారు. చరణంలో మాత్రం నిరుత్సాహం దాచుకోలేదు. ఒక్కోసారి నా పనంతా వ్యర్థమే అనిపిస్తుంది, అప్పుడు పరిశుద్ధాత్మ నా ప్రాణాన్ని తిరిగి లేపుతాడు అని పాడతారు. బాధ లేదని చెప్పి జవాబిచ్చిన పాట కాదిది.

ఈ పాటను ధ్యానించేటప్పుడు ఆదికాండం 37వ అధ్యాయం కూడా తెరవమని నా మనవి. యోసేపును గుంటలో పడేసి అన్నలు భోజనానికి కూర్చున్నారు. తలెత్తి చూస్తే ఇష్మాయేలీయుల వర్తకులు వస్తున్నారు. ఎక్కడి నుంచి? గిలాదు నుంచి. ఒంటెల మీద ఏముంది? గుగ్గిలం, మస్తకి, బోళం. ఆ వర్తకులే ఇరవై తులాల వెండికి యోసేపును కొని ఐగుప్తుకు తీసుకుపోయారు. అంటే గిలాదు మందు వెళ్లిన దారిలోనే, అదే బిడారుతో, పదిహేడేళ్ల కుర్రవాడు బానిసగా నడిచాడు. గాయానికి మందు అమ్ముకునేవాళ్లే మనిషినీ సరుకుగా కొన్నారు.

అట్లాంటిక్ సముద్రం మీద జరిగిందీ ఇదే. సువార్త మా దగ్గర ఉందని చెప్పుకున్న దేశాల ఓడలే ఆఫ్రికా మనుషులను సంకెళ్లతో మోసుకెళ్లాయి. 1619లో వర్జీనియా తీరానికి వాళ్లను తెచ్చింది ఇంగ్లిష్ ఓడ. కొన్నవాళ్లూ ఆదివారం ఆరాధనకు వెళ్లేవాళ్లే. అందుకే ఆ బానిసల సంతానం ఈ పల్లవి ఎత్తుకుందంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అమ్మేవాడి పాపాన్ని అమ్మేవాడి దగ్గరే వదిలేసి, వాడి చేతిలోని మందును మాత్రం దేవుని దగ్గర నుంచి నేరుగా అందుకున్నారు వాళ్లు.

అది తేలిగ్గా జరగలేదు. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చయింది, బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని బానిసల కోసం ఏరి కూర్చిన భాగాలతో. అందులో యోసేపు బానిసగా అమ్ముడుపోవడం ఉంది, మోషే ప్రజలను విడిపించి తీసుకెళ్లడం లేదు. పాత నిబంధనలో చాలా వరకు తీసేశారు. ఆ పుస్తకం ప్రతి ఒకటి ఇప్పుడు టెనెస్సీలోని నాష్‌విల్‌లో, ఫిస్క్ యూనివర్సిటీలో ఉంది. అమెరికాలోనూ బానిసలకు చేసే బోధ ఎక్కువగా ఒకటే: యజమానికి లోబడండి. బానిస బోధకుడు నాట్ టర్నర్ నడిపిన తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడాది, 1832లో, నల్లవాళ్లు బోధించకూడదని వర్జీనియా చట్టమే చేసింది.

థర్మన్ అమ్మమ్మ నాన్సీ ఆంబ్రోస్ బానిసగా పుట్టిన మనిషి. ఆమెకు చదువు రాదు. చిన్నప్పుడు బైబిలు చదివి వినిపించడం థర్మన్ పని. కీర్తనలు, యెషయా, సువార్తలు మళ్లీ మళ్లీ చదివించుకునేది. పౌలు పత్రికలు మాత్రం వద్దనేది, ప్రేమను గురించిన 1 కొరింథీయులకు 13వ అధ్యాయం తప్ప. పెద్దయ్యాక ఎందుకని అడిగితే చెప్పింది: యజమాని పిలిపించే తెల్ల బోధకుడు ఎప్పుడూ పౌలు మాటే ఎత్తుకుని, దాసులారా మీ యజమానులకు విధేయులై ఉండండి అని చెప్పేవాడట. విడుదల వస్తే, చదువు నేర్చుకుంటే, ఆ భాగం మళ్లీ చదవనని దేవునికి మాటిచ్చిందట. ఆమె మనవడికి చెప్పిన ఇంకో సంగతి కూడా ఉంది. అప్పుడప్పుడు తమలో ఒకడైన బానిస బోధకుడు మాట్లాడేవాడు. చివర్లో అందరి ముఖాల్లోకీ చూసి, మీరు బానిసలు కారు, మీరు దేవుని పిల్లలు అనేవాడు. పౌలును పక్కన పెట్టడం సరా తప్పా అన్న వాదనలోకి నేను వెళ్లను. ఆ వాక్యాన్ని కొరడాలా వాడినవాళ్లు దేవునికి లెక్క అప్పజెప్పాలి, ఆమె కాదు.

స్పిరిచువల్స్ పెరిగింది ఈ రెండో బోధలో. రాత్రుళ్లు అడవుల్లో, వాగుల ఒడ్డున, దొంగచాటుగా కూడుకునేవాళ్లు. శబ్దం బయటికి పోకుండా తడిపిన దుప్పట్లు వేలాడదీసేవాళ్లు, కుండ బోర్లించేవాళ్లు. “నా ప్రజల బాధను నిశ్చయముగా చూచితిని” అని మోషేతో దేవుడు చెప్పిన మాట (నిర్గమకాండం 3:7) ఎవరు దాచినా వాళ్ల చెవిన పడింది. ఫరో, యొర్దాను, ఏలీయా రథం, సింహాల గుహలో దానియేలు, అన్నీ పాటల్లోకి వచ్చేశాయి. కనాను అంటే పరలోకమా, బానిసత్వం లేని ఉత్తర రాష్ట్రాలా? ఆ సంకెళ్లు తెంచుకుని పారిపోయిన ఫ్రెడరిక్ డగ్లస్ 1855లో స్పష్టంగానే రాశారు, మాకు ఉత్తరమే కనాను అని. రెండూ అనే నేననుకుంటాను. ఆత్మకు ఒక విడుదల, ఒంటికి ఇంకో విడుదల అని విడదీసి ప్రార్థించే తీరిక వాళ్లకు లేదు. బానిసల పాటల్లోని ప్రతి స్వరమూ బానిసత్వం మీద సాక్ష్యమే, సంకెళ్ల నుంచి విడిపించమని దేవునికి ప్రార్థనే అని డగ్లస్ 1845లోనే అన్నారు. సంతోషంగా ఉన్నారు కాబట్టి పాడుతున్నారని అనుకునేవాళ్లను చూసి ఆశ్చర్యపోయారు కూడా.

ఇక ఆఫ్రికా వారసత్వం సంగతి. అది పదాల కంటే పాడే తీరులో ఎక్కువ ఉంది. ఒకరు ఒక ముక్క అందుకుంటారు, జనమంతా బదులు పలుకుతారు. పుస్తకం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, ఇప్పుడే వచ్చి నిలబడినవాడు కూడా బదులు పలకగలడు. 1739లో బానిసలు లేచిన స్టోనో తిరుగుబాటు జరిగాక సౌత్ కరోలినా 1740 చట్టంతో బానిసలకు డోళ్లు నిషేధించింది. డోలు పోతే చేతులున్నాయి, కాళ్లున్నాయి, నేల మీద కొట్టే కర్ర ఉంది. “రింగ్ షౌట్” అనే ఆరాధన అలాగే నిలిచింది. గుండ్రంగా, గడియారం ముల్లుకు ఎదురు దిశలో, పాదాలు నేల మీద జరుపుతూ కదులుతారు. కాలు మీద కాలు దాటనివ్వరు, అలా దాటితే అది ప్రార్థన కాదు, లోకపు నాట్యం అని. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో పెద్దలను, దేవుణ్ణి తలుచుకుంటూ గుండ్రంగా తిరిగే ఆచారం క్రీస్తు నామంలో కొత్తగా ప్రాణం పోసుకుంది.

దీన్ని చూసి సిగ్గుపడినవాళ్లు సొంత జనంలోనే ఉన్నారు. ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘం బిషప్ డేనియల్ పేన్ గొప్ప విద్యావేత్త, దైవజనుడు. ఆయన రింగ్ షౌట్‌ను అన్యాచారమని ఖండించి మాన్పించాలని చూశారు. ఆయన మనసు నాకు అర్థమవుతుంది. చదువు లేనివాళ్లని తన ప్రజలను లోకం ఎగతాళి చేయకూడదని ఆయన తపన. అయినా ఈ విషయంలో ఆయన పొరబడ్డారనే అంటాను. జార్జియా రాష్ట్రంలో బోల్డెన్ అనే చిన్న ఊళ్లో మౌంట్ కాల్వరీ బాప్టిస్ట్ చర్చి ఉంది. ఆ సంఘం రింగ్ షౌట్‌ను డిసెంబర్ 31 వాచ్ నైట్ ఆరాధనలో కాపాడుకుంటూ వచ్చింది. వాచ్ నైట్ మన తెలుగు సంఘాలకు ఎంత ప్రియమో చెప్పక్కర్లేదు. నల్లజాతి సంఘాలకు ఆ రాత్రిలో ఇంకో జ్ఞాపకం కలిసి ఉంటుంది. 1862 డిసెంబర్ 31న, తెల్లారితే బానిసలకు విడుదల చాటే అధ్యక్షుడు లింకన్ విమోచన ప్రకటన అమల్లోకి వస్తుందని వాళ్ల పూర్వికులు ప్రార్థనలో మేలుకుని కూర్చున్నారు.

ఇంకో సిగ్గు కథ కూడా ఉంది, అది కానుకగా మారింది. బానిసత్వం పోయాక 1866లో నాష్‌విల్‌లో ఫిస్క్ బడి తెరిచారు, పాత సైనిక ఆసుపత్రి షెడ్లలో. అయిదేళ్లకే అప్పుల్లో కూరుకుపోయింది. 1871 అక్టోబర్ 6న తొమ్మిది మంది విద్యార్థులు డబ్బు కోసం పాడడానికి బయల్దేరారు. వాళ్లలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లే. పియానో వాయించిన ఎల్లా షెపర్డ్ తర్వాత రాసుకుంది: ఆ రోజుల్లో బానిసల పాటలు బయట పాడేవాళ్లం కాదు, అవి మరిచిపోవాల్సిన చీకటి కాలానివి, పైగా మా అమ్మానాన్నలకు అవి పవిత్రమైనవి అని. గదిలో కూర్చుని, గొంతు తగ్గించి, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. మొదట్లో కచేరీల్లో ఎక్కువగా తెల్లవాళ్ల పాటలే పాడారు. ఆ నవంబర్‌లో ఒహాయోలోని ఓబర్లిన్‌లో, సంఘ నాయకుల సభలో, స్పిరిచువల్స్ ఎత్తుకున్నారు. సభ కదిలిపోయింది. లేవీయకాండంలో విడుదల చాటించే ఏబైయవ సంవత్సరాన్ని తలుచుకుని జూబిలీ సింగర్స్ అని పేరు పెట్టుకున్నారు. చేతిలో డబ్బు లేని ఆ తొలి రోజుల్లోనే, తమకొచ్చిన కానుకను షికాగో అగ్నిప్రమాద బాధితులకు పంపించేశారు. ఈ ఒక్క సంగతి చాలు నాకు, వాళ్లు కచేరీ చేశారో ఆరాధన చేశారో చెప్పడానికి.

ఎల్లా పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె తల్లి బానిస బతుకు భరించలేక బిడ్డతో సహా నదిలో దూకబోయిందని, ఒక వృద్ధురాలు ఆపి, ఈ బిడ్డతో దేవునికి పనుంది అని చెప్పిందని ఆ కుటుంబం చెప్పుకునేది. 1873లో ఆ బిడ్డ విక్టోరియా రాణి ముందు పాడింది. పాటల డబ్బుతో ఫిస్క్‌లో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ నిలబడి ఉంది.

మన దేశానికీ ఈ పాటలు వచ్చాయి. 1936 ఫిబ్రవరిలో థర్మన్, ఆయన భార్య సూ బెయిలీ గుజరాత్‌లోని బార్డోలీలో గాంధీజీని కలిశారు. వెళ్లే ముందు ఒక పాట పాడమని గాంధీజీయే కోరారు, నా ప్రభువును సిలువ వేసినప్పుడు నువ్వక్కడ ఉన్నావా అని అడిగే స్పిరిచువల్. సూ బెయిలీ అందుకుంటే మిగతావాళ్లు కలిశారు. ఆ రోజుల్లో అమెరికాలో నల్లవాళ్లను గుంపులు చెట్లకు ఉరి తీస్తూనే ఉన్నాయి. ఆ పాటలో సిలువను చెట్టు అని పాడడం ఊరికే కాదు. శుభ శుక్రవారం ఈ పాట వినేవాళ్లు ఆ చెట్లను కూడా చూడాలి.

ఇవాళ నల్లజాతి చరిత్రను తలుచుకునే ఫిబ్రవరి నెల రాగానే అమెరికాలో చాలా చర్చిల్లో క్వయర్ ఒకటి రెండు స్పిరిచువల్స్ పాడి ఊరుకుంటుంది. మొదలైనందుకు సంతోషమే, కానీ అంతటితో సరిపెట్టకూడదు. 1989 జూన్‌లో సిస్టర్ థియా బోమన్ అనే నల్లజాతి సన్యాసిని అమెరికా కాథలిక్ బిషప్పుల ముందు మాట్లాడింది. క్యాన్సర్‌తో చక్రాల కుర్చీలో ఉంది. ప్రసంగం మొదట్లోనే, తల్లి లేని బిడ్డలా అనిపిస్తుంది ఒక్కోసారి అనే స్పిరిచువల్ పాడింది. నా చరిత్ర, నా సంప్రదాయం, నా పాట, నా కదలిక, అన్నీ సంఘానికి కానుకగా తెస్తున్నాను అన్న అర్థంలో చెప్పింది. చివరికి బిషప్పులందరినీ లేపి, చేతులు కలిపించి పాడించింది. మరుసటి ఏడాది మార్చిలో కన్నుమూసింది.

తెలుగు సంఘానికి ఈ మాట కొత్తేమీ కాదు. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కాలం నుంచి మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేస్తూనే ఉన్నాం. డప్పు విషయంలోనే వెనకబడ్డాం. ఒంగోలు ప్రాంతంలో క్రీస్తును నమ్ముకున్న మాదిగలు విగ్రహాల ముందు డప్పు కొట్టనన్నారు, దానికోసం దెబ్బలు కూడా తిన్నారు. అది వాళ్ల విశ్వాసం. అంతమాత్రాన ఆ డప్పును యేసు సన్నిధికి తేకూడదని ఎక్కడా లేదు. కొన్ని సంఘాల్లో ఇప్పుడది ఆరాధనలో వినిపిస్తుంటే నా మనసు నిండిపోతుంది.

ఈ పాట మీ ఆరాధనలో పాడాలనుకుంటే ముందు యిర్మీయా 8:20 నుంచి 22 వరకు చదివించండి, ఎవరు పాడిన పాటో రెండు మాటలు చెప్పండి. వేగం పెంచకండి. క్వయర్ ఐటమ్‌గా చేసి చప్పట్లు కొట్టించకండి, ఒకరు అందుకుంటే సంఘమంతా బదులు పలకాలి. ఇందులో ఒక చరణం ఉంది: పేతురులా బోధించలేకపోయినా, పౌలులా ప్రార్థించలేకపోయినా, యేసు ప్రేమను చెప్పగలవు, అందరి కోసం ఆయన చనిపోయాడని చెప్పగలవు అని. బోధించే హక్కును చట్టమే లాగేసుకున్న జనం పాట ఇది. ఆ చరణాన్ని మైకు ముందు అలవాటుపడ్డ గొంతుకు ఇవ్వకండి. మీ సంఘంలో చదువు రాని అమ్మమ్మ ఎవరైనా ఉంటే, ఆమె చేత మొదలుపెట్టించండి.