పైపొరలోనే ఉంది పై

బోస్టన్‌లో ఉంటున్న మా అమ్మాయి అక్టోబరులో ఒక శనివారం పొద్దున్నే మమ్మల్ని కారెక్కించి, ఆకులు రంగు మారడం చూపిస్తానంటూ వెర్మాంట్ రాష్ట్రం వైపు తీసుకెళ్లింది. ఆకులు కనులపండువగానే ఉన్నాయి గాని, నా మనసులో నిలిచిపోయినది మాత్రం డమ్మర్‌స్టన్ అనే చిన్న ఊరి దగ్గర, ఒక ఆపిల్ తోటవారి కొట్టు ముందున్న చెక్కబల్ల మీద తిన్న ఆపిల్ పై, అంటే మైదా పిండి పొరల మధ్య ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చే తీపి వంటకం.

దారిలో మసాచుసెట్స్‌లోని లెమిన్‌స్టర్ తగిలింది. జానీ ఆపిల్‌సీడ్‌గా అమెరికా పిల్లలందరికీ తెలిసిన జాన్ చాప్‌మన్ 1774లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఒహాయో, ఇండియానా ప్రాంతాల్లో ఆపిల్ నారుమళ్లు వేసుకుంటూ తిరిగి 1845లో కన్నుమూసిన ఈయన చెట్ల కాయలే పైలలోకి వెళ్లేవని నేను అనుకుంటూ వచ్చాను. కాని అంటు కట్టడాన్ని ఇష్టపడని చాప్‌మన్ గింజలే నాటేవాడు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాయాలని లేదు కదా, ఆపిల్ గింజ అంతకన్నా మొండిది. తల్లిచెట్టు గుణం దానికి అబ్బదు. పులుపు, వగరు కలిసిన ఆ కాయలు ఎక్కువగా సైడర్ అనే పులియబెట్టిన పానీయానికే పోయేవి. పై చేయడానికి పనికొచ్చే కాయలు అంటుచెట్లవి. తోటవారి కొట్టులో నార్తర్న్ స్పై అనే రకాన్ని చేతికిచ్చి, ఉడికినా ముక్క చెదరదని, పులుపు నిలుస్తుందని చెప్పారు. మెకింటాష్ కాయ తినడానికి ఎంత బాగున్నా, పొయ్యిలో పెడితే గుజ్జయిపోతుందట.

పై పిండిలో పంది కొవ్వు కలుపుతారని మావారు ఎక్కడో విని ఉండడంతో, ముందు ఆ సంగతే అడిగించాము. పూర్వం అదే వాడేవారని, ఇప్పటికీ కొందరు వాడతారని, తాము మాత్రం వెన్న తప్ప మరేదీ వేయమని చెప్పి, కొట్టు నడిపే పెద్దావిడ మమ్మల్ని వంటగది గుమ్మం దాకా రానిచ్చింది. అక్కడ చూసినది నాకు కొత్త పాఠం. మనం కజ్జికాయల పిండిలో కాగిన నెయ్యి పోసి గుల్లదనం తెస్తాము. ఆవిడ వెన్న ఎక్కడ కరిగిపోతుందోనని చేతులు చన్నీళ్లలో ముంచుకుని తుడుచుకుంటోంది. గడ్డకట్టిన వెన్నను చిక్కుడు గింజలంత ముక్కలు చేసి, మైదాలో వేళ్లకొసలతో నలిపి, ఐసు నీళ్లు చిలకరించి, ముద్ద అయిందో లేదో అన్నంతలో ఆపేసింది. ఎక్కువ పిసికితే పిండి సాగి, పొర గట్టిపడిపోతుంది. ఒత్తిన పిండిలో వెన్న తెల్లటి మరకల్లా కనిపిస్తూనే ఉంది. పొయ్యి వేడికి ఆ వెన్నలోని నీరు ఆవిరై, మడతకాజాలో లాగా పొరలను విడదీస్తుందన్నమాట.

ఈ పొరకు అంత మర్యాద మొదటినుంచీ లేదు. 1381 నాటిదని చెప్పే ఇంగ్లండు ఆపిల్ పై వంట విధానంలో ఆపిళ్లు, అత్తిపళ్లు, ఎండుద్రాక్ష, బేరిపళ్లు, సుగంధ ద్రవ్యాలు, కుంకుమపువ్వు ఉన్నాయి, పంచదార లేదు. వీటన్నిటినీ పెట్టి కాల్చే పిండి గిన్నెకు 'కాఫిన్' అని పేరు. ఆ మాటకు అప్పట్లో పెట్టె, బుట్ట అనే అర్థం. ఆ గోడ దళసరిగా, గట్టిగా ఉండి పాత్రలాగే పనిచేసేది. 1796లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకానికి వచ్చేసరికి నిమ్మతొక్క తురుము, దాల్చినచెక్క, జాపత్రి, గులాబీ పన్నీరు, పంచదార చేరాయి. అందులోని మరో విధానంలో, కాల్చిన పై మూతను మెల్లగా ఎత్తి, వెన్న, పంచదార లోపల వేసి మళ్లీ మూయమంటుంది. అప్పటికే మూత విరగకుండా ఎత్తగలిగే నాజూకు వచ్చిందని నాకనిపించింది.

రెండు గంటలైనా చల్లారనిస్తేనే రసం బిగుస్తుందని ఆవిడ చెప్పినా, వేడివేడిగా తినడమే రుచి అనుకునే అలవాటు నాది. అప్పుడే దించిన పైని కోయించాను. రసమంతా పళ్లెంలోకి కారిపోయి, ముక్క చతికిలబడింది. తర్వాత చల్లారిన పై నుంచి రెండు ముక్కలు కోసి, ఒకదాని మీద వెనిలా ఐస్‌క్రీము, మరొకదాని పక్కన చెడ్డార్ చీజ్ పెట్టి ఇచ్చారు. 1999లో ఆపిల్ పైని రాష్ట్ర పైగా ప్రకటించిన వెర్మాంట్ చట్టం, దానిని చల్లని పాలతోగాని, కనీసం అర ఔన్సు చెడ్డార్‌తోగాని, పెద్ద ముద్ద వెనిలా ఐస్‌క్రీముతోగాని వడ్డించడానికి మనస్ఫూర్తిగా ప్రయత్నించాలని చెబుతుంది. వంటకాన్ని వడ్డించే తీరుకు చట్టం చేసిన ఆ శాసనసభ్యుల మీద నాకు గౌరవం కలిగింది. నా ఓటు చెడ్డార్‌కే. ఐస్‌క్రీము కమ్మగానే ఉంటుంది గాని కరిగి పొరను నానబెడుతుంది. ఉప్పగా, కాస్త ఘాటుగా ఉండే చీజ్ తీపిని అదుపులో పెట్టి, ఆపిల్ పులుపును పైకి తెస్తుంది.

మావారు మాత్రం పిజ్జా అంచుల్లాగే పై అంచును కూడా పళ్లెంలో వదిలేశారు. ఇంటికి ఇంకో పూర్తి పై కొని తెచ్చుకున్నాము. ఇక్కడివాళ్లు దీన్ని పొద్దున్న ఫలహారంగానూ తింటారని అమ్మాయి అనడంతో, మర్నాడు కాఫీ పెట్టి డబ్బా తెరిచాను. లోపలి ఆపిల్ ముక్కలు అలాగే ఉన్నాయి గాని, చుట్టూ ఉండాల్సిన అంచు సగం మేర విరిగిపోయి ఉంది. మావారు పేపరు చదువుకుంటున్నట్టు తల వంచుకునే కూర్చున్నారు.