సొంతూరు కాలమ్‌లో రంగూన్

కంచరపాలెం వైపు బర్మా క్యాంప్ ఉందని వైజాగ్‌లో అందరికీ తెలుసు. అక్కడివాళ్లు బర్మా ఎందుకు పోయారో, ఎందుకు తిరిగొచ్చారో అడిగితే మాత్రం చాలామంది అక్కడ దొరికే బర్మా నూడుల్స్ సంగతి చెప్పి ఊరుకుంటారు.

పోవడమంటే అప్పట్లో విదేశానికి పోవడం కాదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సు. మన ఉత్తరాంధ్ర జనం, గోదావరి జనం ఓడెక్కి రంగూన్ రేవులో మూటలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి పోయేవారు, పాస్‌పోర్టు గొడవే లేదు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అక్కడివాళ్లకు ఒళ్లు మండదా మరి! 1930 మే నెలలో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల బదులు బర్మా కూలీలను పెట్టుకుని, రాజీ కుదరగానే ఆ బర్మా వాళ్లను పొమ్మన్నారు. అల్లర్లు రేగి ఎందరో మనవాళ్లు చచ్చిపోయారు. తెల్లదొర తర్వాత హాయిగా ఇంటికెళ్లిపోయాడు, కోపం మాత్రం కూలీవాడి మీదే మిగిలింది.

1962లో బర్మా సైన్యాధిపతి నె విన్ సైన్యంతో గద్దెనెక్కాడు, దుకాణాలు జాతీయం చేశాడు, 1964లో 50, 100 చాట్ (అక్కడి డబ్బు) నోట్లు చెల్లవన్నాడు. దాంతో మనవాళ్లు ఎందరో తిరుగు ఓడెక్కారు. మా వీధి మామ్మ అప్పటి పిల్ల. ఓడెక్కేముందు వాళ్లమ్మ చెవి దుద్దులు కూడా తీయించేశారట.

బర్మా 1982లో తెచ్చిన పౌరసత్వ చట్టం ఇంకా ఘోరం. మీ జాతి 1823కు ముందు నుంచీ అక్కడుంటేనే పుట్టుకతో పౌరులు, ఎందుకంటే ఇంగ్లీషువాళ్లతో మొదటి యుద్ధం 1824లో. రోహింగ్యాలకు దేశం లేకుండా చేసింది ఈ లెక్కే. సామ్రాజ్యాన్ని తిట్టుకుంటూనే, అది దండెత్తిన తేదీ పట్టుకుని మనుషుల్ని కొలవడం నాకు మింగుడు పడదు.

మనమేదో మేలని కాదు. రాజ్యాంగం 8వ అధికరణం ప్రకారం బయట ఉంటున్న భారత సంతతివాళ్లు అక్కడి మన దౌత్య కార్యాలయంలో పౌరులుగా నమోదు కావచ్చు, బాగానే ఉంది, రేవులో మూటలు మోసేవాడికి ఆ కబురు చెప్పేదెవరు?

మొన్న మామ్మ మనవడి కుల సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు తోడెళ్లాను. తాతలది ఏ ఊరు, కాగితాలేవి అన్నారు. మామ్మ రంగూన్ అంది. కంప్యూటర్ లిస్టులో రంగూన్ లేదు. "శ్రీకాకుళం అని పెట్టేద్దామా?" అన్నాడు కుర్రాడు, పాపం మంచోడే. రేపు శ్రీకాకుళం నుంచి కాగితం తెమ్మంటే ఎక్కణ్ణుంచి తేను నాయనా అంది మామ్మ. అప్లికేషన్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది.